ఏడో పట్టీ

గురువారం పొద్దున ఏడో పట్టీ చిట్లింది.

ఒనేసిమో కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ చూశాడు. వెంట్రుకంత గీత, తను రాసిన తేదీని రెండుగా చీలుస్తూ పైనుంచి కిందిదాకా దిగింది. నలభై ఏళ్లు గోడలకి ప్లాస్టరు పూసినవాడు. అది ఆరేటప్పుడు వచ్చిన బీటో, గోడ కదిలితే వచ్చిన బీటో అతనికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

మెక్సికో నగరంలో, సాంతా మరీయా పేటలో ఆ మేడ నూటపదేళ్లుగా నిలబడి ఉంది. చెక్కిన రాతి గుమ్మం, మధ్యలో వాకిలి, చుట్టూ ఇనప కటకటాల వరండాలు, రెండంతస్తుల్లో పదకొండు కుటుంబాలు. రెండు పెద్ద భూకంపాలకి కూడా చెక్కు చెదరలేదు. ఇప్పుడు పక్క స్థలంలో పన్నెండంతస్తులు లేపడానికి గొయ్యి తవ్వుతున్నారు. తవ్వకం మొదలైన నెలకే వెనకగోడ పగుళ్లిచ్చింది. పాత కట్టడాల ఆఫీసునుంచి లుదివినా అనే ఇంజనీరమ్మ వచ్చి, పగుళ్లకి అడ్డంగా బెత్తెడేసి ప్లాస్టరు పట్టీలు అతనిచేతే వేయించింది. గోడ కదిలితే పట్టీ చిట్లుతుంది. ఏది చిట్లినా ఆ పూటే ఫోన్ చెయ్యమని మరీ మరీ చెప్పి వెళ్లింది.

ఫోన్ చేస్తే ఏమవుతుందో ఒనేసిమోకి తెలుసు. రెండు వీధుల అవతల మేడకి అలాగే, ప్రమాదకరమని, ఎర్ర కాగితం అంటించారు. బాగుచేశాక తిరిగి రావచ్చని చెప్పి అందరినీ ఖాళీ చేయించి, తలుపులకి ఇటుకలు పేర్చారు. వానల్లో కప్పు కూలింది. కిందటేడు మొత్తం నేలమట్టం చేశారు. ఆ ఇంటి చూరుకింద ప్లాస్టరుతో పూలతీగలు పోతపోసింది అతని చేతులే. అక్కడివాళ్లు ఇప్పుడు ఊరి చివర, రెండు బస్సులు మారి వెళ్లేంత దూరంలో ఉంటున్నారు.

అతను ఇంట్లోకి వెళ్లి గిన్నెలో ప్లాస్టరు కలిపాడు. పాత పట్టీ గీకేసి కొత్తది వేశాడు. దానిమీద పాత తేదీయే రాశాడు.

ఆ గోడకి అటువైపు హసింతా గది. ఆవిడ పాలజెల్లీలు చేసి మెట్రో మెట్లదగ్గర అమ్ముతుంది. మనవరాళ్లిద్దరి మంచం ఆ గోడకి ఆనించే ఉంటుంది.

ఆనాటినుంచి ఒనేసిమోకి తిండి సయించలేదు. పక్కన యంత్రం దబ్బుమన్నప్పుడల్లా వెనకగోడ దగ్గరికి పరిగెత్తేవాడు. రోజుకి పదిసార్లు వెళ్లి గోడకి అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. శనివారం ఉండబట్టలేక హసింతా దగ్గరికి వెళ్లి, గోడ చెమ్మగా ఉంది, మంచం వాకిలివైపు జరుపుకోండని చెప్పాడు.

"వానలే లేవు, చెమ్మెక్కడిది మేస్త్రీ?" అని నవ్వి, ఓ జెల్లీ చేతిలో పెట్టి పంపించింది. మంచం జరపలేదు.

సోమవారం పొద్దున చూస్తే పట్టీ మళ్లీ చిట్లి ఉంది. ఈసారి సందులో గోరు దూరేలా ఉంది. అతను అక్కడే కూలబడ్డాడు. వెనకాల బకెట్టు కిందపెట్టిన చప్పుడైంది. హసింతా వంగి పట్టీలన్నీ వరసగా చూసింది.

"మిగతావన్నీ దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి. అదే తేదీ వేసుకుని ఇదొక్కటే పెళ్లికూతురిలా తెల్లగా ఉందేం?"

అతను జరిగింది చెప్పేశాడు. ఆవిడ అరవలేదు.

"నా పిల్లలు ఎక్కడ పడుకుంటారో మీకు తెలుసు."

"తెలుసు. ఎర్ర కాగితం పడుతుందని భయపడ్డాను."

"ఇల్లు పోతుందని నాకు మాత్రం భయం లేదా? నేనూ ఇక్కడే పుట్టాను. నాతో చెప్పి ఉంటే ఇద్దరం కలిసి భయపడేవాళ్లం. మంచమన్నా జరిపేదాన్ని."

అతను లేచి నిలబడ్డాడు. అక్కడే, ఆవిడ ఎదుటే, లుదివినాకి ఫోన్ చేసి తేదీ సంగతితో సహా ఒప్పుకున్నాడు. ఆమె, మధ్యాహ్నానికి తనిఖీవాళ్లని తీసుకొస్తాననీ, ఏ హామీ ఇవ్వలేననీ చెప్పి పెట్టేసింది.

ఈలోగా మేడలోవాళ్లంతా కదిలారు. వెనక గదులు రెండూ ఖాళీ చేశారు. వీధి చివరి వడ్రంగి దుంగలిచ్చాడు. ఒనేసిమో చెప్పినట్టు నలుగురు మగవాళ్లు వాటిని ఏటవాలుగా ఎత్తిపట్టి, అడుగున చీలలు కొట్టి, గోడకి ఊతం బిగించారు.

తనిఖీవాళ్లు రెండు గంటలు చూశారు. అందరూ వాకిట్లో నిలబడే ఉన్నారు. చివరికి వెనక రెండు గదులకే ఎర్ర కాగితం అంటించి, ఊతం సరిగ్గా ఉంది కాబట్టి మిగతావాళ్లు ఉండొచ్చన్నారు. గొయ్యి చుట్టూ కాంక్రీటు గోడ లేచేదాకా తవ్వకం ఆపమని అవతలివాళ్లకి చెప్పారు.

కథ అక్కడితో తేలలేదు. వారం తిరక్కుండా తవ్వకందారుల వకీలు ఒక తేదీ దొంగదైతే మిగతావి మాత్రం నమ్మేదెలా అని పాత కట్టడాల ఆఫీసులో అభ్యంతరం పెట్టాడు. ఒనేసిమో ఆఫీసుకి వెళ్లి, తను చేసింది తన నోటితోనే చెప్పి సంతకం చెయ్యాల్సి వచ్చింది. మిగిలిన ఆరు పట్టీలూ సాక్ష్యంగా నిలబడతాయో లేదో చూడాలని లుదివినా అతని మొహం చూడకుండానే అంది. ఇకమీదట తేదీలు హసింతా రాయాలని కూడా చెప్పింది.

అతను మేడ ముందువైపున్న తన గది హసింతాకీ పిల్లలకీ ఇచ్చి, ఊరి చివర చెల్లెలింటికి మారాడు. రెండు బస్సులు మారి రోజూ పొద్దున్నే ఊతం చూడ్డానికి వస్తాడు. హసింతా పన్నెండు రోజులు అతనితో మాట్లాడలేదు. పదమూడోనాడు, అతని పొయ్యి వెలగడం లేదని వరండాలోంచి పిలిచింది. అతను వెళ్లి మీట సగం తిప్పి కాస్త ఆగాలని చూపించాడు. పక్క స్థలంలో కాంక్రీటు లారీ వచ్చి ఆగింది. కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. ఇద్దరూ అటు చూశారు.

"ఇలా ఎన్నాళ్లు మేస్త్రీ?"

"తెలీదు, హసింతాగారూ."

ఆవిడ మంట తగ్గించి, పాలు పొయ్యిమీద పెట్టింది.