ఇద్దరి కోసం దాచిన సీసా

నేను ఒక అర సీసాని. మూడువందల డెబ్బై అయిదు మిల్లీలీటర్ల ఎర్ర వైన్‌ని. నాసిక్ దగ్గరి కొండల్లో ఒకే తొట్టిలోంచి, ఒకే పూట నన్నూ మా అన్ననీ నింపారు. వాడు లీటరున్నర, నాకు నాలుగింతలు. మెడలు మాత్రం ఇద్దరివీ దాదాపు ఒకటే. చిక్కంతా అక్కడే వచ్చింది. బిరడా కింద మిగిలిన గాలి ఇద్దరికీ ఒకే కొలత. దాన్ని పంచుకోవడానికి వాడిలో బోలెడంత వైన్ ఉంది, నాలో కాస్త. అదే గాలి వాణ్ణి నింపాదిగా పండిస్తుంది, నన్ను ముందే ముసలిదాన్ని చేసేస్తుంది.

"చిన్నది మూడేళ్ళలోపు తాగెయ్యాలి. పెద్దది పదేళ్ళయినా ఆగుతుంది" అని అక్కడి పెద్దాయన చెబుతూనే ఉన్నాడు. మమ్మల్ని కొన్న దేవదానం గారు ఆ సమయంలో భార్య సులోచన గారిని పీపాల పక్కన నిలబెట్టి ఫోటో తీస్తున్నారు.

విశాఖలో వాళ్ళ హాల్లో అద్దాల షోకేసు. తాజ్‌మహల్ బొమ్మ పక్కన నన్ను నిటారుగా నిలబెట్టారు. పడుకోబెడితే బిరడా తడిగా ఉండేది. కానీ లేబులు కనపడదుగా!

ఆ క్రిస్మస్‌కి ఇంటినిండా చుట్టాలు. "పెద్దది తియ్యండి, అందరికీ సరిపోద్ది" అన్నారు సులోచన గారు.

"చిన్నది మనిద్దరికీ. పాతికేళ్ళ పెళ్ళిరోజుకి తీద్దాం" అన్నారాయన.

దానికింకా ఏడేళ్ళుంది! దాచాల్సినవాణ్ణి తాగేసి, తాగాల్సినదాన్ని దాచారు. ప్రేమతోనే చేశారు, ఎవర్ని తిట్టను?

మూడో ఏడు నేను నిజంగా బాగున్నాను. ఇప్పుడు తియ్యండయ్యా, ఇప్పుడే, అని లోపల్లోపల గింజుకున్నాను. ఆయన నన్ను పంచెతో తుడిచి మళ్ళీ అక్కడే పెట్టారు. నాలుగో వేసవికి బిరడా ఎండి లోపలికి గాలి దూరింది. ఆరో ఏటికి నా రంగు ఇటుకపొడిలా దిగింది. నేను పాడైపోతున్నానని నాకు తెలుసు, చెప్పుకునే నోరు లేదు.

ఏడో ఏడు సులోచన గారికి కాన్సరన్నారు. ఆరు నెలలు మందులెక్కించారు. జబ్బు తగ్గింది గానీ నాలుకకి రుచి పోయింది. చేపల పులుసుకి వీధంతా పేరున్న మనిషి వంటింటి గుమ్మం తొక్కడం మానేశారు.

"ఏది తిన్నా మట్టేనండీ. ఉప్పేసానో లేదో తెలీనిదాన్ని, ఇంకేం వండను?" అని ఒకరోజు షోకేసు ముందే కూలబడి ఏడ్చారు.

పెళ్ళిరోజు రానే వచ్చింది. ఒక్క గుక్కకి ఫర్వాలేదా అని డాక్టరు గారిని అడిగొచ్చి మరీ ఆయన నన్ను తీశారు. బిరడా పొడిపొడిగా రాలింది. వద్దు బాబూ, ఆవిడకి మిగిలిన ఈ ఒక్క ఆశ కూడా నా వల్ల పోతుంది, పగలగొట్టెయ్యి నన్ను అనుకున్నాను. ఆయన ముందు ఆవిడకే పోశారు.

ఆవిడ గుక్క వేసి మొహం వికారంగా పెట్టారు.

"ఛీ! పులుపండీ!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన గబగబా తానూ ఒక గుక్క మింగి దగ్గారు. "అవును, పులుపే! నీకు తెలిసిందా?"

ఆవిడ మళ్ళీ తాగారు. ఈసారి కళ్ళు మూసుకుని, నెమ్మదిగా. "తెలుస్తోందండీ" అన్నారు. కన్నీళ్ళు చెంపల మీదికి జారాయి.

ఆయన నన్ను పారబోయడానికి లేచారు.

"ఇటివ్వండి" అంటూ ఆవిడ నన్ను లాక్కుని వంటింట్లోకి నడిచారు. "వెళ్ళి వంజరం పట్రండి. ఇవాళ పులుసులోకి చింతపండక్కర్లేదు."