మిద్దె మీది ఊదా పూలు

చెరువులో గుర్రపుడెక్క పీకే మేస్త్రీకి ఆ మొక్క పేరెత్తితే ఒళ్ళు మండేది. ఊదా పువ్వు ముద్దుగా ఉందని ఎవరో మహానుభావుడు తోటలో పెంచితే, అది చెరువంతా కమ్మేసింది. రోజంతా ఆయన్ని తిట్టుకుంటూ పీకడం, ఇంటికొచ్చి బకెట్లో బూట్లు జాడించుకోవడం మేస్త్రీ దినచర్య. ఆ నీళ్ళు వృథా కాకుండా భార్య మిద్దె మీది తొట్టిలో పోసేది.

ఒక ఆదివారం మేస్త్రీ మిద్దెక్కి చూశాడు. తొట్టి నిండా ఊదా పూలు విరగబూసి ఉన్నాయి.

"ఇదెక్కడిదే?"

"మీ బూట్ల పుణ్యమే," అంది భార్య మురిసిపోతూ.

మేస్త్రీ చొక్కా చేతులు మడిచాడు. "ఇప్పుడే పీకి పారేస్తా."

"పీకండి. వీధిలో అందరికీ తలో పిలక ఎప్పుడో పంచేశా. మీ ఆఫీసరు గారి భార్యయితే అడిగి మరీ రెండు పట్టుకెళ్ళారు. మీరే తెచ్చారని చెప్పానులెండి."