హెనెరోసో పెంచని అంకె

ముప్పై ఏళ్లు ఓడల్లో రేడియో ఆపరేటరుగా చేసి ఇలోయిలోలో స్థిరపడిన హెనెరోసో సుమగైసాయ్‌కి ఊరికే కూర్చుంటే ఏమీ తోచదు. ఇంటిపేరు మీద ఇంటర్నెట్‌లో సొంత డొమైన్ పేరు తీసుకుని, దానికి నేమ్ సర్వరు కూడా తానే పెట్టుకున్నాడు. ఎవరైనా ఆ పేరు అడిగితే, ఆ ఇంటివాళ్ల పేజీ ఏ యంత్రంలో ఉందో దారి చెప్పేది ఆ సర్వరే. అలాంటివి రెండుండాలి, ఒకటి మూగబోతే రెండోది పలకాలి. ఆయన మొదటిదాన్ని ముందుగదిలోనూ రెండోదాన్ని వంటింట్లో ఫ్రిజ్ మీదా పెట్టి పని అయిందనిపించాడు.

సముద్రానికి అవతలి గట్టున, బకోలోద్‌లో హైస్కూలు పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పే చెల్లెలు పెర్పెతువా ఆ సంగతి విని, కరెంటు పోతే రెండూ కలిసే పోతాయి కదా అని నవ్వింది. ఆ మాటకు ఉక్రోషం వచ్చి ఆయన రెండు నెలలు ఆవిడకు ఫోను చెయ్యలేదు. ఈలోగా గాలివాన వచ్చి వారం రోజులు కరెంటు పోయింది. మనీలా నుంచి మేనత్త కొన్సొలాసియోన్ పంపిన మెయిళ్లన్నీ తిరుగుటపాలో వెనక్కి వెళ్లాయి. ఇక తప్పక గొంతు సవరించుకుని చెల్లెలికి ఫోను చేసి, ముద్దుగా పిలిచాడు.

"ఇందాయ్, మీ ఇంట్లో కాస్త చోటుందా?"

"నీకా, నీ ఫ్రిజ్ మీది పెట్టెకా, మానోంగ్?" అన్నయ్యను అక్కడ అలాగే పిలుస్తారు.

ఆవిడ ఏడిపించినంత సేపు ఏడిపించి, చివరికి ఆ పెట్టెను తన ఇంట్లో పెట్టుకోవడానికి ఒప్పుకుంది. అన్న ముందుగది సర్వరు ఫైలులో ఏ దారి రాస్తే దాన్ని తన దగ్గరి సర్వరు తెచ్చుకుంటుందనీ, అయితే ఏ చిన్న మార్పు చేసినా ఫైలు మొదట్లో ఉన్న వరుస అంకెను ఒకటి పెంచాలనీ, అది పెరగకపోతే తనది అటు కన్నెత్తి కూడా చూడదనీ చెప్పింది. ఓడల్లో పనిచేసినవాడికి అంకెలు నేర్పొద్దన్నాడు ఆయన.

ఏప్రిల్‌లో, బంధువులంతా వచ్చే శనివారం తన ఇంట్లో విందుకు కలవాలని ఇంటి పేజీలో రాశాడు. తీరా పందిని కాల్చేవాడు ఆదివారమైతేనే కుదురుతుందన్నాడు. సరే, పేజీ ఉన్న పాత యంత్రాన్ని ఎలాగూ మార్చాలి కదా అని కొత్త యంత్రంలో కొత్త పేజీ కట్టి, ఆదివారమని రాసి, నేమ్ సర్వరు ఫైలులో కొత్త దారి చూపించాడు. శనివారమనే ఉన్న పాతదాన్ని ఆపబుద్ధి కాక అలాగే వదిలేశాడు. తన ఫోనులో ఆదివారం కనబడగానే తృప్తిగా వెళ్లి కునుకు తీశాడు.

శనివారం పొద్దున ఆయన బనీనుతో ఎండుచేపలు వేయిస్తుండగా గేటు ముందు జీప్నీ బండి ఆగింది. అందులోంచి పదిహేడు మంది దిగారు. ముందు ఎనభై దాటిన కొన్సొలాసియోన్.

"ఒరే, పంది ఏదిరా?"

"రేపు కదా అత్తా!"

ఆవిడ ఫోను ఆయన ముక్కు దగ్గర పెట్టింది. శనివారమే ఉంది. బకోలోద్ సర్వరు తనను అడిగినవాళ్లకు ఇంకా పాత దారే చెబుతోందని ఆయనకు అర్థమైంది. ఇదంతా మా చెల్లెలి పెట్టె నిర్వాకం అని అందరి ముందూ అనేశాడు. అప్పుడే గేటు దగ్గర పెర్పెతువా, చేతిలో పియాయా రొట్టెల డబ్బాతో. ఆవిడా శనివారమనే నమ్మి తొలి ఫెర్రీ ఎక్కింది. అన్న మాట చెవిన పడింది. నేరుగా లోపలికెళ్లి, ఆయన ఫైలు తెరిచి, తెరమీద వేలు పెట్టింది.

"ఈ అంకె ఎప్పటిది, మానోంగ్?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని అంకె చదివాడు.

"పెట్టెను నీ దగ్గర పెట్టిన రోజుది."

"మారిందని నువ్వు చెప్పలేదు. దానికెలా తెలుస్తుంది?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఓడలో ఉన్నన్నాళ్లూ అవతలివాడు అందిందని చెప్పేదాకా కుర్చీ వదలని మనిషి! తానే అంకె పెంచాడు. నిమిషంలో బకోలోద్ సర్వరు కొత్త ఫైలు తెచ్చుకుంది. కానీ పెరట్లో పదిహేడు మంది ఆకలితో ఉన్నారు. దోపుకోవడానికి కొంగు లేకపోయినా పెర్పెతువా నడుం బిగించి, పక్కింటి పనసకాయ తెప్పించి, కందులతో కలిపి పెద్ద బానెడు పులుసు కాచింది. ఎండుచేపలు తలా ఒకటి వచ్చాయి. రాత్రికి అందరూ చాపల మీద సర్దుకున్నారు.

మర్నాడు మిగతావాళ్లు వచ్చేసరికి వీళ్లు బావి దగ్గర పళ్లు తోముకుంటున్నారు. కాల్చిన పందిని కోసేముందు హెనెరోసో లేచి నిలబడ్డాడు. "నిన్న చెల్లెల్ని అన్నది తప్పు. అంకె పెంచడం మరిచిపోయింది నేను" అన్నాడు. పెర్పెతువా తలవంచుకుని అన్నం వడ్డిస్తూనే ఉంది, కానీ అన్న పళ్లెంలో కరకరలాడే చర్మం ముక్క అందరికంటే పెద్దది పడింది. ఏ అంకె మరిచాడో మాత్రం సగం మందికి అర్థం కాలేదు.

"అదేదో వచ్చే ఏడూ మరిచిపోరా, రెండ్రోజులు తింటాం" అంది కొన్సొలాసియోన్.

సోమవారం ఆయన చెల్లెలి సంచి మోసుకుంటూ రేవు దాకా వెళ్లి సాగనంపాడు. ఇంటికొచ్చి పాత యంత్రాన్ని ఆపేశాడు.