పాపాయమ్మ తూకం

నాలుగెకరాల చెరువులో లక్షల రొయ్యలకి మేత వేసేవాణ్ణి, ఒక్క ముసలిదానికి వండి పెట్టలేనా అనుకున్నాడు సురేష్. ఆ ధీమా వారం కూడా నిలవలేదు.

ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు వెళ్తే వస్తుంది వాళ్ళ ఊరు. తండ్రి కాకినాడ బోట్ల మీద వేటకి పోతే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. తల్లి సత్యవాణి కూతురి పురుడు కోసం రాజోలులో ఉంది. మామూలుగా అయితే కూతురే పుట్టింటికి రావాలి. ఇంట్లో రోగిష్టి మనిషి ఉండగా పసిగుడ్డుని తీసుకురావడం ఎందుకని, ఈసారి తల్లినే అక్కడికి పిలిపించుకున్నారు. ఇంట్లో మిగిలింది సురేష్, వాళ్ళ మామ్మ పాపాయమ్మ.

పాపాయమ్మ నలభై ఏళ్ళు చేపల గంప నెత్తిన పెట్టుకుని అమలాపురం వీధులు తిరిగిన మనిషి. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. ఆ పొగే అంగిట్లో పుండై కూర్చుంది. కేన్సరన్నారు. మూడు వారాలకొకసారి మందు ఎక్కించి, పుండు చిన్నదయ్యాక ఆపరేషన్ చేస్తామన్నారు కాకినాడ ఆసుపత్రిలో. రెండుసార్లు మందు ఎక్కింది. రెండోసారి పంపించేటప్పుడు డాక్టరమ్మ సురేష్‌ని పక్కకి పిలిచింది.

"మామ్మగారు ముప్పై తొమ్మిది కిలోలున్నారు. ముప్పై ఎనిమిదికి తగ్గితే మాత్రం ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం ఇవ్వాలి. ఒంట్లో ఓపిక వచ్చేదాకా మందు కూడా ఆపేస్తాం."

బస్సెక్కాక ఆ మాట చెబితే పాపాయమ్మ కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"గొట్టమేస్తే నేనింక ఆసుపత్రి గుమ్మం తొక్కనురా అబ్బాయ్. మా తోడికోడలికి వేసేరు. ముక్కుతాడేసిన గేదెలా మంచం మీద పడుంది పాపం, పలకరిస్తే మాట్లాడలేదు. నాకొద్దు. అలా పోవడం కంటే ఇలాగే పోతాను."

ఆమె ఒకసారి వద్దన్నదంటే ఇంక వద్దనే. ఆ సంగతి సురేష్‌కి బాగా తెలుసు. మూడు వారాలపాటు ఆమెని తగ్గనివ్వకుండా చూడాలి. అంతే పని.

చెరువుల యజమాని బుచ్చిరాజుగారు మంచి మనిషి. రొయ్యల పట్టుబడి అయిపోయి చెరువు ఎండగట్టే రోజులు కావడం కూడా కలిసొచ్చింది. "మళ్ళీ రొయ్యపిల్ల వేసేదాకా నువ్వు రావద్దురా, మీ మామ్మని చూసుకో" అని, మర్నాడు పొద్దుటే తన తమ్ముడితో ఒక పండుగప్ప చేపని కూడా పంపించేరు. పక్కింటివాళ్ళు చెంబుడు గేదెపాలు అరుగు మీద పెట్టి వెళ్ళేవారు. కొబ్బరి దింపు తీసినవాళ్ళు అడక్కుండానే లేతబొండాలు గుమ్మంలో పడేసేవారు. ఎవరికి ఏమని చెప్పాలో సురేష్‌కి తోచేది కాదు. ఖాళీ చెంబు బాగా తోమి, అందులో నాలుగు పచ్చి చింతకాయలో, గుప్పెడు ఉప్పుచేపలో వేసి తిరిగి ఇచ్చేవాడు.

వంట తల్లి దగ్గర ఫోన్లో నేర్చుకున్నాడు. కారం లేకుండా, పులుపు లేకుండా, వేడి తగ్గాక పెట్టాలన్నది ఒకటే నియమం. రాగిజావ పెద్ద గిన్నె నిండా కాచాడు. పెసరకట్టు వేసి మెత్తగా పిసికిన అన్నం పళ్ళెం నిండుగా పెట్టాడు. నిండుగా పెట్టకపోతే పెట్టినట్టెలా అవుతుంది?

"అక్కడ పెట్టెళ్ళు, ఆరేక తాగుతాను," అనేది పాపాయమ్మ.

కాసేపటికి గిన్నె ఖాళీగా కనిపించేది. సురేష్ ఆ ఖాళీ గిన్నెని చూసి మురిసిపోయి తల్లికి ఫోన్ చేసేవాడు.

ఆ మురిపెం ఎన్నాళ్ళో సాగలేదు. పెరట్లో గిన్నెలు తోముకుంటుంటే పక్కింటి బాతులన్నీ ఒక కొబ్బరిచెట్టు మొదట్లోనే గుమిగూడి కనిపించాయి. వెళ్ళి చూస్తే రాగిజావ. ఆరిపోయి అట్టకట్టింది. దాని కింద నిన్నటి పెసరకట్టు.

"మామ్మా, జావ తాగేవా?"

"ఆయ్, తాగేను."

"నువ్వు తాగేవా, కొబ్బరిచెట్టు తాగిందా?"

పాపాయమ్మ మంచం మీద అటు తిరిగింది. అటు నుంచే మాట వచ్చింది.

"ఏం చెయ్యమంటావురా? అంత గిన్నె చూస్తేనే కడుపు నిండిపోతంది. నోట్లో పెట్టుకుంటే ఇనపముక్క నాకినట్టుంటంది. వద్దంటే నువ్వేమో దిగులుగా ముఖం పెడతావు. ఆ ముఖం చూడలేక పోసేసేను."

సురేష్‌కి కోపం వచ్చింది. వచ్చిన కోపం ఎవరి మీద చూపించాలో తెలియక చెరువుగట్టు మీదికి వెళ్ళి కూర్చున్నాడు. చెరువు ఎండి బీటలు తీసి ఉంది. గట్టున చెక్ ట్రేలు బోర్లించి ఉన్నాయి. వాటిని చూస్తూ కూర్చుంటే సిగ్గేసింది.

రొయ్య ఎంత తిన్నదో పైనుంచి తెలియదు. అందుకే వల బిగించిన ఆ పళ్ళేల్లో చారెడు మేత వేసి నీళ్ళలోకి దించుతారు. రెండు గంటలాగి పైకి లాగి చూస్తారు. మిగిలితే తరవాతి పూట తగ్గిస్తారు, శుభ్రంగా తినేస్తే కొంచెం పెంచుతారు. ఎంత వేశామన్నది కాదు లెక్క, ఎంత తిన్నాయన్నదే లెక్క. గట్టు మీద నిలబడి బస్తాలు బస్తాలు కుమ్మరించే రైతుకి మేత అడుగున కుళ్ళిపోతుంది, చెరువూ పాడవుతుంది. ఆ మాట కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి తనే చెప్పేవాడు. అలాంటివాడు ఇంట్లో మాత్రం కుమ్మరించే రైతయ్యాడు.

మర్నాటి నుంచి పెద్ద గిన్నెలు అటక ఎక్కాయి. కాఫీ సాసరు బయటికి వచ్చింది. సాసర్లో రెండంటే రెండు చెంచాల పెసరకట్టు అన్నం. పెట్టి వెళ్ళిపోయేవాడు. దగ్గర నిలబడేవాడు కాదు, బతిమాలేవాడు కాదు. తరవాత వచ్చి సాసరు చూసేవాడు. మిగిల్చితే మాట్లాడకుండా తీసేసేవాడు.

పాపాయమ్మ చేపలమ్మిన మనిషి. రెండు పూటల్లో కనిపెట్టేసింది.

"ఏరా, నేను నీకు రొయ్యలా కనపడుతున్నానా?"

"రొయ్యయితే ఇన్ని మాటలనదు మామ్మా."

"అవునా! మరి పట్టుబడెప్పుడో చెప్పు, కాస్త తలంటుకుని తయారుగా ఉంటాను."

"అమ్మే సైజు ఇంకా రాలేదు. ముప్పై తొమ్మిది కిలోలకి ఎవడు కొంటాడు?"

ఆమె నవ్వింది. అంగిట్లో పుండు లాగి నవ్వు మధ్యలో ఆగిపోయింది. చేత్తో దవడ పట్టుకుని, కళ్ళతో మిగతాది నవ్వింది. ఆ పూట సాసరు ఖాళీ అయ్యింది. సురేష్ బాతుల వైపు కూడా ఒకసారి చూసి వచ్చాడు. అక్కడేమీ లేదు.

అప్పట్నుంచి చిన్నచిన్నగా, పగలంతా. కొబ్బరిపాలలో ఉడికించిన అన్నం. ముల్లన్నది లేకుండా వేళ్ళతో తడిమి తడిమి విడదీసిన పండుగప్ప. లేతబొండంలో మీగడ. మధ్యలో నోరంతా పూసి ఒక నాలుగు రోజులు ఆమె ఏదీ ముట్టలేదు. సురేష్ కంగారుపడలేదు. పాత గుల్ల విడిచేటప్పుడు రొయ్య మేత ముట్టదు. అప్పుడు కదిలించకూడదు, నీళ్ళు మాత్రం చూసుకోవాలి. కొబ్బరినీళ్ళు గుక్కగుక్కగా పట్టించి వదిలేశాడు. అయిదో రోజున ఆమె తనంతట తనే, "ఏదైనా ఉందేంట్రా?" అంది.

ఒక సంగతి మాత్రం సురేష్ ఎవరికీ చెప్పలేదు. మామ్మ పక్కన కూర్చుని తనొక్కడూ ఆవకాయ కలుపుకోవడం మనసొప్పక, ఆమె తినే చప్పిడే తనూ తినేవాడు. పాపాయమ్మ చూసింది కాని ఏమీ అనలేదు.

మధ్యాహ్నాలు మాటలు సాగేవి. ఆమె గంప మోసిన రోజులు, ఏ వీధిలో ఎవరు బేరమాడేవారు, ఎవరు ఆడకుండా కొనేవారు. "నా తక్కెడలో ఏనాడూ ముల్లు అటూ ఇటూ వంచలేదురా," అనేది. ఇరవయ్యారేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నా ఇన్ని మాటలు ఎప్పుడూ చెప్పుకోలేదు. ఈ జబ్బు రావడం మంచిదని ఎవరంటారు? కాని ఈ మధ్యాహ్నాలు మాత్రం ఇంకెలా వచ్చేవో సురేష్‌కి తెలియలేదు.

మూడు వారాలు గడిచాయి. పొద్దుటే కాకినాడ బస్సెక్కారు. ఆసుపత్రిలో నర్సు రేచల్ నవ్వుతూ ఎదురొచ్చింది.

"రండి మామ్మగారూ, ముందు బరువు చూద్దాం. దీన్నిబట్టే మందు కలుపుతారు."

పాపాయమ్మ చీర సర్దుకుని మెల్లిగా మిషనెక్కింది. ఎర్ర అంకెలు ఊగి ఊగి నిలబడ్డాయి. నలభై కిలోల ఆరువందల గ్రాములు.

"అబ్బో! పెరిగేరండీ! ఏం పెట్టేరు?" అంది రేచల్.

సురేష్ ముఖం వెలిగింది. మరుక్షణమే వెలుగు తగ్గింది. వారం వారం రొయ్యలు తూచి, తిన్న మేతకి పెరిగిన బరువెంతో లెక్కకట్టడం అతని పని. ఆ సాసర్లకి ఈ బరువు రాదు. మామ్మ వైపు చూశాడు. ఆమె గోడ మీద కేలెండర్ని చాలా శ్రద్ధగా చూస్తోంది. ఒక చెయ్యి రొంటి మీద అదిమి పట్టుకుంది.

నోరు మూసుకుంటే గొట్టం గొడవ లేదు. మందు ఎక్కించుకుని ఇంటికి పోవచ్చు. రేచల్ కలం తీసింది. మందు మాత్రం ఆమెకి లేని బరువుకి కలుపుతారు.

"ఒక్క నిమిషం మేడమ్, రాయకండి," అన్నాడు సురేష్. "మామ్మా, రొంటిని ఏముంది?"

"ఏముంటుందిరా, చిల్లరుంది."

"తియ్యి మామ్మా."

"అందరి ముందూనా?"

"మందు ఎక్కువైపోద్ది మామ్మా. నీ ఒంటికి ఆగదు. తియ్యి."

పాపాయమ్మ మిషను దిగింది. రొంటిన దోపిన గుడ్డసంచి తీసి బల్ల మీద పెట్టింది. సంచి మూతి జారి లోపలివి దొర్లాయి. వల అంచుకి కట్టే సీసం గుళ్ళు. ఎప్పుడో పోయిన మొగుడి విసురువల నుంచి ఊడదీసినవి. ఒకటి బల్ల మీంచి జారి గచ్చు మీద టంగుమంది. పక్క మంచాలవాళ్ళు లేచి చూశారు.

రేచల్‌కి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. "ఎందుకండీ మామ్మగారూ ఇలాగ?"

"తప్పే తల్లీ." పాపాయమ్మ గొంతు తగ్గింది. "జీవితంలో తూకం తప్పి ఒక్క చేప అమ్మలేదు. మొదటిసారి చేసేను, అదీ అమ్మకం కాదు. గొట్టం భయం ఒకటి. వీడి భయం రెండోది. మగపిల్లాడు, మూడు వారాల్నుంచి పొయ్యి దగ్గరే ఉన్నాడమ్మా. అంత చేసీ తూకం తగ్గితే, తన చేతిలో లోపమనుకుంటాడు. వద్దనుకున్నాను."

సురేష్ వంగి కిందపడ్డ గుండుని తీశాడు. తీయడానికి పట్టాల్సినదానికంటే ఎక్కువసేపే వంగి ఉన్నాడు.

"మళ్ళీ ఎక్కండి," అంది రేచల్ మెత్తగా.

ఈసారి అంకెలు ఊగుతుంటే ముగ్గురూ వంగి చూశారు. ముప్పై ఎనిమిది కిలోల ఏడువందలు.

ఆ అంకె చూసి పాపాయమ్మ కళ్ళు మూసుకుంది. డాక్టరమ్మ వచ్చి కాగితాలు తిరగేసింది, నోరు తెరిపించి లైటు వేసి చూసింది.

"మూడువందల గ్రాములు తగ్గేరు, అంతేకదా. ఇంత పుండుతో చాలామంది మూడు నాలుగు కిలోలు దిగిపోతారమ్మా. పుండు కూడా చిన్నదయ్యింది. గొట్టం అక్కర్లేదు. ఇవాళే మందు ఎక్కిద్దాం." తరవాత సురేష్ వైపు చూసింది. "ఏం చేస్తున్నావో అదే చెయ్యి."

మందు ఎక్కి బయటపడేసరికి పొద్దు వాలుతోంది. బస్సు ఎదుర్లంక వంతెన దాటుతుంటే సురేష్ ఏదో చెప్పబోయాడు. నువ్వు ఉన్నందుకు అనో, నాకోసం అలా చేసినందుకు అనో. వాళ్ళ ఇంట్లో అలాంటి మాటలు పైకి అనుకునే అలవాటు లేదు. గాలి తగలకుండా కిటికీ అద్దం జరిపి, ఆమె భుజం చుట్టూ తువ్వాలు కప్పాడు.

అమలాపురంలో దిగగానే పాపాయమ్మ చేపల బజారు వైపు నడిచింది.

"ఎక్కడికి మామ్మా? నీకు వాసన పడదు కదా."

"నాకు కాదురా. ముక్కు మూసుకుంటాను, పద."

చిట్టి అనే పిల్ల కొయ్యింగ చేపలు కుప్పపోసుకుని కూర్చుంది. పాపాయమ్మ దగ్గర గంప సర్దడం నేర్చుకున్నదే.

"ఏంటత్తా, ఎంత చిక్కిపోయేవు!"

"చిక్కితే చిక్కేను గాని కళ్ళు పోలేదే. ఆ కిందవి నిన్నటివి. పైవి ఇయ్యి."

ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే బేరం తెగ్గొట్టింది. ఇంటికి చేరాక, గాలి ఎదురుగా వచ్చే వైపు చూసుకుని అరుగు మీద చేరబడింది. సురేష్ లోపల పొయ్యి వెలిగించాడు. పాపాయమ్మ వాసన చూడలేదు, రుచి చూడలేదు. చెవులు మాత్రం పొయ్యి వైపు పెట్టింది.

"నూనె ఇంకా కాగలేదురా, ఉల్లిపాయలు తొందరపడి వేసేవు. సర్లే, కలుపు." కాసేపాగి, "ఆఁ, ఇప్పుడు చప్పుడు సన్నబడింది, ఎర్రబడ్డాయి. కారం వెయ్. భయపడకు, రెండు చెంచాలు వెయ్. పిడికెడు ఉప్పెయ్." పులుసు మరుగుతుంటే కళ్ళు మూసుకుని విన్నది. "గరిట పెట్టకు, ముక్కలు చితికిపోతాయి. దాక చెవులు పట్టుకుని ఊపు. బుడగలు బరువుగా పేలుతున్నాయి చూడు... చిక్కబడింది. దించెయ్."

తరవాత, "మూడు వారాలు నాతో చప్పిడి తిన్నావు. ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని తిను. వాసన ఓర్చుకుంటాను. ఇవాళొక్కరోజే ఓపికుంటుంది, రేపటికి మందు పట్టేస్తది," అంది.

వేడన్నంలో పులుసు కలుపుకుని సురేష్ మొదటి ముద్ద పెట్టుకున్నాడు. కారానికి కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. పాపాయమ్మ మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, అతని దవడలు కదలడం చూస్తూ కూర్చుంది.

"ఉప్పు సరిపోయిందా?"

సరిపోయింది అనేద్దామనుకున్నాడు.

"కొంచెం ఎక్కువైంది మామ్మా."

ఆమె అతని చెయ్యి వైపు చూసింది. "నేను చెప్పింది నా పిడికెడు. నీ చెయ్యి ఇంత పెద్దదైందని చూసుకోలేదు. ఈసారి వండినప్పుడు మూడు వేళ్ళతో తీసి వెయ్."

"ఆయ్, అలాగే," అని సురేష్ ఇంకో రెండు గరిటెల పులుసు వడ్డించుకున్నాడు.