నడిరోడ్డులో ఏడు తాళంచెవులు

"వలి" అంటే అరవంలో నొప్పి. "వలిప్పు" అంటే ఫిట్సు. రెంటికీ నడుమ ఉన్నది ఒక్క "ప్పు". ఆ ప్పు సురేఖ నోట్లోంచి రాలేదు. వేలూరు కోట ఎదురుగా, ఎళనీరు బొండాల బండి పక్కన, పచ్చి బొండాం పెచ్చు మీద కాలుజారి దబ్బున పడ్డ సురేఖ, మోకాలు పట్టుకుని "అయ్యో దేవుడా, వలి... వలి" అన్న మాట నిజమే. మొదటి వరసలో నిలబడ్డవాళ్లు విన్నదీ అదే. రెండో వరసకి చేరేసరికి అది "వలిప్పా?" అయింది. మూడో వరసలో "వలిప్పు, వలిప్పు!" అని కేకలైంది. కాబట్టి పడ్డ తప్పు సురేఖదైతే, పడేసిన ప్పు జనానిది.

అయినా ఒక్క మాట పట్టుకుని అంతమంది నమ్మేవాళ్లు కాదు. అసలు కారణం ఇంకొకటి ఉంది. పడిన సురేఖ కళ్లు మూసుకుని, పడినచోటే వెల్లకిలా ఉండిపోయింది. దెబ్బ పెద్దదై కాదు. మోకాలు కాస్త చీరుకుంది, అంతే. లేవబోయింది కూడా. లేవబోతూ పైకి చూస్తే వేపకొమ్మల సందుల్లోంచి కార్తీక మాసపు ఎండ చిల్లుల జల్లెడలా కనిపించింది. వీపు కింద సిమెంటు చల్లగా తగిలింది. పగటిపూట ఇలా వెల్లకిలా పడుకుని ఎన్నేళ్లయింది? రంజనిని కన్నప్పుడు పురిటి మంచం మీద పదకొండు రోజులు. ఆ రంజని ఇప్పుడు కాట్పాడి హాస్టల్లో ఉండి ఇంజనీరింగు మూడో ఏడు చదువుతోంది. మధ్యలో ఎప్పుడైనా? గుర్తు రాలేదు. గుడియాత్తంలో వాళ్లింట్లో నడుం వాల్చడం మగవాళ్ల పని, నడుం వంచడం ఆడవాళ్ల పని. వాల్చడానికీ వంచడానికీ తేడా చదువుకోకుండానే తెలిసిపోయిన వ్యాకరణం అది. ఎలాగూ పడ్డాను, పడ్డదాన్ని పడుకుంటే ఎవరిదేం పోయింది, ఇంకొక్క నిమిషం అనుకుంది సురేఖ.

పడడం ఆమెకి కొత్త కాదు. పోయినేడు ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, దొడ్లో బట్టలుతికే బండ దగ్గర నీళ్ల బిందెతో సహా జారిపడింది. లోపల్నుంచి అత్త కుప్పమ్మ గొంతు వచ్చింది, మనిషి రాలేదు. "ఏమే ఆ శబ్దం? బిందె గాని సొట్ట పోయిందా?" హాల్లో కూర్చున్న మొగుడు జయరామ్ చదువుతున్న పేపరు దించకుండానే "చూసి నడవకూడదా?" అన్నాడు. "బిందె బాగుండాదత్తా, సొట్ట నాకే" అని సురేఖ లేచి, బిందె కడిగి, మళ్లీ నీళ్లు పట్టింది. ఆ సొట్టని ఎవరూ చూడలేదు. చూపించమని అడగలేదు కూడా.

ఇక్కడ మాత్రం చేతిలోంచి జారిన ఎవర్‌సిల్వర్ టిఫిను డబ్బా దొర్లుకుంటూ ఆటోల మధ్యకి పోయింది. అత్త మోకాళ్ల మందుల సంచీ ఎటో పడింది. వాటి సంగతి ఒక్కరూ అడగలేదు.

"యాడ తగిలింది తల్లీ?" అని ఒక ముసలి గొంతు తెలుగులో అడిగింది. ఆమె "అయ్యో దేవుడా" విని మనమ్మాయే అని గుర్తుపట్టిన గొంతు. పరదరామి రైతు దేవరాజులు, కళ్లజోడు చేయించుకోవడానికి వచ్చినాయన. "తలకేమైనా తగిలిందా? పలకమ్మా."

నన్నే అడుగుతున్నారు, బిందెని కాదు, అనుకుంది సురేఖ. అనుకోగానే లేవబుద్ధి ఇంకా తగ్గింది.

జయరామ్ సిద్ధాంతం ఒకటుంది. ఎరువుల అంగడి గల్లాపెట్టె వెనక కూర్చుని లోకాన్ని చూసిన మనిషి కాబట్టి ఆయనకి లోకం బాగా తెలుసు. "వేలూరులో మనిషి పడినా, పడినాడా అని అడిగేవాడు ఉండడు. దాటుకోని పోతారు. నిలబడినా ఫోన్లో వీడియో తీస్తారు, చెయ్యియ్యరు. నువ్వు ఒంటిగా పోవద్దు." ఈ మాట ఆయన ఇరవై నాలుగేళ్లుగా చెబుతున్నాడు. ఫోన్లలో వీడియోలు రాకముందు "వేడుక చూస్తారు" అనేవాడు, తర్వాత మాట మార్చుకున్నాడు, అంతే. ఈరోజు అంగడికి సరుకు లారీ వచ్చింది, అత్తకి మందులైపోయాయి. అందుకే ఒంటిగా రావడం జరిగింది.

ఆయన సిద్ధాంతంలో సగం నిజమే. చాలామంది దాటుకునే పోయారు. ఒకాయన ఫోనెత్తి తీస్తూనే ఉన్నాడు. కానీ మిగతా సగం ఉందే, అది మోకాళ్ల మీద కూర్చుని ఆమె చుట్టూ మూగింది.

"ఇరుంబు! చేతిలో ఇరుంబు పెట్టండి!" అని ఎవరో అరిచారు.

ఫిట్సు వస్తే చేతిలో ఇనుము పెట్టాలన్నది ఆ వైపు పుట్టి పెరిగినవాళ్లందరికీ తెలిసిన వైద్యం. ఎళనీరు గోవిందన్ ఆవేశంగా బొండాలు కొట్టే కత్తినే ఆమె చేతిలో పెట్టబోయాడు. "యో! ఉన్న ప్రాణం తీస్తావా?" అని పదిమంది అరిస్తే కత్తి వెనక్కి తీసుకుని, మొలలోంచి పెట్టె తాళంచెవి తీసి పెట్టాడు. దాంతో అందరికీ దారి తెలిసింది. ఆటో అణ్ణామలై నడుస్తున్న బండి ఆపి ఆటో తాళంచెవి పెట్టాడు. దేవరాజులు మోటారు కొట్టం తాళంచెవి పెట్టాడు, జానెడు పొడవు. బ్యాంకు బ్యాడ్జీ వేసుకున్నాయన స్కూటరుది. పూలమ్మే ఆమె పిన్నీసుకి గుచ్చుకున్న డబ్బాది. హాస్టలు పిల్ల ఒకతి బీరువాది, దానికి వేలాడే ఎలుగుబంటి బొమ్మతో సహా. చివరికి బురఖా వేసుకున్న ఒకామె వంగి, "మా ఇంటిదమ్మా, గట్టిగా పట్టుకో" అని తన ఇంటి తాళంచెవి పెట్టి, సురేఖ వేళ్లని తన వేళ్లతో మూసింది.

ఆ ఏడోది తగలగానే సురేఖకి తట్టింది. ఈమె దగ్గర వాళ్ల ఇంటి తాళంచెవి ఉంది! బజారుకొచ్చింది, తిరిగి పోతుంది, తలుపు తీసుకుని లోపలికి పోతుంది. ఎవరి కోసమూ కాచుకోదు. సురేఖ ఇంటి తాళానికి రెండు చెవులు. ఒకటి కుప్పమ్మ మొలలో, ఒకటి జయరామ్ జేబులో. అత్త పక్కవీధి చెల్లెలింటికి పోతే, రేషనంగడి నుంచి బియ్యం మోసుకొచ్చిన సురేఖ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకోవలసిందే. ఎదురింటి చెంగమ్మ "ఏమే, మీ ఇంటికి చుట్టంగా వచ్చినావా?" అని నవ్వేది. పెళ్లయిన కొత్తలో ఒకసారి అడిగింది కూడా. "ఇంట్లో ఉండేదానికి బీగంచెవి ఎందుకు?" అన్నాడు జయరామ్. "నా మొలలో ఉంటే నీ మొలలో ఉన్నట్టే కదే" అంది కుప్పమ్మ. అలా మెడలో తాళి పడింది గానీ చేతికి తాళం రాలేదు. ఇరవై నాలుగేళ్లు తన మాటకి ఆ ఇంట్లో ఒక్క చెవి దొరకలేదు, వేలూరు నడిరోడ్డులో అర నిమిషంలో ఏడు చెవులు దొరికాయి. నవ్వొచ్చేసింది. ఆపుకుంది. ఆపుకుంటే పొట్ట కదిలింది.

"చూడండి, ఫిట్సు ఈడ్పు వస్తా ఉండాది!" అన్నాడు దేవరాజులు.

"జరగండి, గాలి రానియ్యండి" అంటూ ఒక అమ్మాయి లోపలికి దూరింది. తెల్ల యూనిఫారం, నర్సు, పేరు జీవిత. "ఫిట్సుకి తాళంచెవులు మందు కాదన్నా, పక్కకి తిప్పి పడుకోబెట్టాల" అని అందరికీ చెబుతూనే నాడి పట్టింది, కనురెప్ప ఎత్తింది. ఎత్తిన రెప్ప కింద కన్ను ఆమెని తిరిగి చూసింది. జీవిత చెవి దగ్గర వంగింది.

"తెలుగా అక్కా? మాది తిరువలం. మీకు ఫిట్సు లేదు కదా?"

"లేదమ్మా."

"దెబ్బ?"

"మోకాలు చీరుకునింది. అంతే."

"మరి లేవరేమక్కా?"

"ఇరవై ఏళ్లయింది మధ్యాహ్నం పడుకోని. ఇంకో రెండు నిమిషాలు పడుకుంటా తల్లీ."

జీవిత ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. ఆస్పత్రిలో పన్నెండు గంటల డ్యూటీ దిగి వస్తున్న మనిషి. ఆ మాట అర్థం కావడానికి ఆమెకి నిఘంటువు అక్కర్లేదు. లేచి నిలబడి, గట్టిగా "రెండు నిమిషాలు ఎవరూ లేపొద్దు!" అని ప్రకటించింది. వీడియో తీస్తున్నాయన వైపు తిరిగి, తన సంచీలోంచి గొడుగు తీసి, "చెయ్యి ఎట్లాగూ ఎత్తే ఉండాది కదన్నా, ఈ గొడుగు కూడా పట్టుకో" అంది. ఆయన ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో ఫోను పట్టుకున్నాడు. అలా ఏడుగురు తాళంచెవులు లేక ఎటూ పోలేక, ఒకాయన గొడుగు దించలేక, అంతా కలిసి సురేఖకి రెండు నిమిషాల మధ్యాహ్నం నిద్ర కావలి కాశారు.

లేచాక తాళంచెవుల పంపకం జరిగింది. ఎలుగుబంటి ఎవరిది, ఎవరి స్కూటరు అని అడిగి అడిగి ఇచ్చింది. "నాకు ఫిట్సు కాదు, జారి పడినా" అని ఒక్కొక్కరికీ చెప్పింది. "వచ్చినోళ్లకి వచ్చినట్టే తెలవదమ్మా" అని ఒక్కొక్కరూ ఓదార్చారు. పూలామె తలలో రెండు మూరల కనకాంబరాలు పెట్టింది. గోవిందన్ లేత బొండాం కొట్టి తాగించాడు. దేవరాజులు డబ్బా, మందుల సంచీ వెతికి తెచ్చాడు. అణ్ణామలై బస్టాండులో దించి, గుడియాత్తం బస్సు కదిలేదాకా కిటికీ పక్కనే నిలబడ్డాడు.

బస్సుకంటే ముందు వీడియో గుడియాత్తం చేరింది. ఇంటి ముందు కుప్పమ్మ మోకాళ్లనొప్పులు మరిచి వీధిలోకి వచ్చేసింది. మొలతాడుకి నలభై ఏళ్లుగా వేలాడుతున్న ఇంటి తాళంచెవిని విప్పి, కోడలి చేతిలో కుక్కింది.

"పట్టుకోవే తల్లీ, ముందు ఇనుము పట్టుకో! యాడికి పోయినా వదలొద్దు. నీళ్లు పోసుకునేదానికి పోయినా వదలొద్దు!"

"అత్తా, నాకు ఫిట్సు..."

"మాట్లాడొద్దు. పట్టుకో."

సురేఖ పట్టుకుంది. మాట్లాడలేదు.

తర్వాతి మూడు రోజులు ఆమెకి పండగ. అత్త చెల్లెలింటికి పోయినప్పుడల్లా తాళం వేసి చెంగమ్మ ఇంటికి పోయింది, వచ్చి తాళం తీసింది. ఏమీ కొనాల్సింది లేకపోయినా బజారుకి పోయింది, వచ్చి తాళం తీసింది. ఆ పెద్ద చెవి లోపల తిరిగి "టక్" మంటుంటే ఇల్లు తనని పేరు పెట్టి పిలిచినట్టుండేది. అరుగు మీద చిక్కుడుకాయలకి సెలవు. అయితే నిజం చెబితే ఇది పోతుంది. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. అబద్ధం నేను చెప్పలేదే, వాళ్లే వినలేదు, అని మనసుకి సర్దిచెప్పుకుంది. మనసు సగం సర్దుకుంది.

నాలుగోరోజు ఆదివారం. సురేఖ తలకి స్కానింగు రాయించుకుని వచ్చానని జయరామ్ చెప్పాడు. అప్పటికే పలకరింపుకి చెంగమ్మ, ఇంకా నలుగురు వీధివాళ్లు హాల్లో ఉన్నారు. కుప్పమ్మ కళ్లొత్తుకుంటూ, "గంగమ్మకి మొక్కుకున్నా. నా కోడలికి నయమైతే గుడి చుట్టూ పొర్లుదండాలు పెడతా" అంది.

సురేఖ అత్త మోకాళ్ల వైపు చూసింది. నేల మీద కూర్చోవడానికే రాని మోకాళ్లు. ఈ ముసలామె బిందె కోసం అరిచింది కూడా నిజమే, కోడలి కోసం పొర్లుతానంటున్నదీ నిజమే. నడుంలో తాళంచెవి ఉన్నట్టుండి బరువెక్కింది.

"అత్తా, ఆ మొక్కు వెనక్కి తీసుకో" అంది.

ఇంతలో ఫోన్లో ఆ వీడియోని నూరోసారి చూస్తున్న చెంగమ్మ రెండు వేళ్లతో బొమ్మ పెద్దది చేసి కెవ్వుమంది. "ఏమే సురేఖా! ఇందులో నువ్వు నవ్వతా ఉండావు!"

ఫోను చేతులు మారింది. జయరామ్ చూశాడు. అందరూ చూశారు. గొడుగు నీడలో, ఏడు తాళంచెవుల గుప్పిలి గుండెల మీద పెట్టుకుని, సురేఖ పసిపిల్లలా నవ్వుతోంది.

ఇక సురేఖ హాలు మధ్యలో నిలబడి అందరికీ చెప్పింది. వలి అంటే వలిప్పు అయిన సంగతి, ఎళనీరు కత్తి సంగతి, నర్సమ్మ చెవిలో మాట్లాడిన సంగతి. "నేను జారి పడినా. పడినాక పడుకున్నా. బాగుండింది, అందుకే లేవలా." చెంగమ్మ నవ్వి నవ్వి గోడ పట్టుకుంది. వీధివాళ్లు కళ్లనీళ్లు తుడుచుకున్నారు. "నువ్వు ఎప్పుడూ చెప్తావే, పడితే ఎవరూ ఆగరని. ఏడుగురు ఆగినారు" అంది మొగుడితో. "ఒక్కరు కూడా చూసి నడవకూడదా అనలేదు."

జయరామ్ పేపరు కోసం వెతుక్కున్నాడు. దాన్ని ఎప్పుడో చెంగమ్మ కింద వేసుకుని కూర్చుంది.

కుప్పమ్మకి ముందు కోపం వచ్చింది, వెంటనే ప్రాణం లేచి వచ్చింది, ఆ తర్వాత పాత సంగతి గుర్తొచ్చింది. చెయ్యి చాపింది.

"పోనీలే, వలిప్పు లేదు, గంగమ్మ చల్లగా చూసింది. ఆ బీగంచెవి ఇట్లియ్యి."

సురేఖ నడుంలోంచి తాళంచెవి తీసింది. అరచేతిలో పెట్టుకుని, బురఖా ఆమె మూసినట్టే, ఒక్కొక్క వేలూ మూసింది. తర్వాత దాన్ని కొంగు ముడిలో వేసి, ముడి మీద ముడి బిగించి, మళ్లీ నడుంలో దోపుకుంది.

"నీకు రేపు ఇంకొకటి చేయించుకోని వస్తాడులే అత్తా మీ కొడుకు."

"ఫిట్సు లేనిదానికి బీగంచెవి ఎందుకే?"

"ఇల్లుండాది కదత్తా" అంది సురేఖ.

అని, అందరూ చూస్తుండగానే పోయి, మధ్యాహ్నం రెండు గంటలకి, గది చల్లటి గచ్చు మీద వెల్లకిలా నడుం వాల్చింది.