పాలు మానని కోడె

కోడెదూడ దాలాచ నోరు తెరిపించడానికి ఇద్దరు మగవాళ్లు కావలసివచ్చింది. ఒకడు కొమ్ములు పట్టుకున్నాడు. కొమ్ములంటే పేరుకే, బొటనవేలంత మొలకలు. ఇంకొకడు పై పెదవి ఎత్తిపట్టాడు. ఊరిపెద్ద లీబాన్ చేతికర్ర పక్కన పెట్టి, వంగి, కళ్లు చికిలించి లోపలికి చూశాడు.

దర్మి పైబట్ట బిగించుకుని నిలబడింది. ఆయన ఏం చూస్తాడో ఆమెకు తెలుసు. నెల కిందటే తన వేలితో తడిమి చూసుకుంది.

"రెండు పళ్లు," అన్నాడు లీబాన్.

కంచె చుట్టూ చేరిన వాళ్లలో గుసగుస లేచింది. ఊరి దూడలన్నీ అక్కడే ఉన్నాయి. ముల్లుకంప తలుపు అవతల, మోకాలెత్తున పండి బంగారు రంగు తిరిగిన గడ్డి. కాలో అంటే అదే. వానలు కురిసిన నాళ్లలో ఏ డెక్కా లోపల పడకుండా, ఊరంతా కలిసి తుమ్మలు నరికి, ఆ కంపతోనే కోట కట్టి, ఎండలు ముదిరేదాకా దాచిన గడ్డి అది. పాలు తాగే దూడలకూ, లేవలేని జబ్బు గొడ్లకూ తప్ప ఎవరికీ హక్కు లేదు. పాలపళ్లు ఊడి రెండు పెద్దపళ్లు వచ్చాయంటే దూడతనం తీరినట్టే. ఇక మేత వెతుక్కుంటూ తిరిగే దూరపు మందతో పోవాలి. ఈసారి చిన్నవానలు ఎగ్గొట్టాయి కనుక మంద ఎంత దూరం పోతుందో, ఎన్ని బావులు దాటుతుందో ఆ కాపరి కుర్రాళ్లకే తెలియదు.

దాలాచ ఆ నడక నడవలేడు. డొక్కల్లో ఎముకలు బయటికే కనిపిస్తున్నాయి. పుట్టిన ఏడే కరువు. తల్లి వాణ్ణి ఈని, నాకి, అక్కడే కూలబడిపోయింది. దర్మి తన వేలు పాలల్లో ముంచి చీకించి, ముంతతో పోసి బతికించింది. బతికాడు గాని ఎదగలేదు. వాడి ఈడు కోడెలు మూపురాలు ఊపుకుంటూ ఆవుల వెంట పడుతుంటే, వీడు ఇంకా దర్మి వెంట పడుతున్నాడు.

"బావగారూ," అంది దర్మి. "పళ్లు వచ్చిన మాట నిజమే. ఒళ్లు చూడండి. పోయిన వానలకి పుట్టిన దూడలు వీడికన్నా ఎత్తున్నాయి."

"ఒళ్లు చూసి లోపలికి పంపమంటే నన్నూ పంపాలి," అన్నాడు వెనకనుంచి ఎవరో బక్క ముసలాయన. అందరూ నవ్వారు.

నవ్వనిది తూమె ఒక్కతే. లీబాన్ పెళ్లాం, దర్మికి పెద్ద తోడికోడలు. దూడల మధ్యనుంచి తోసుకుంటూ ముందుకు వచ్చింది.

"పోయినేడు నా పెయ్యకీ రెండు పళ్లే వచ్చాయి. అదీ బక్కదే. ఇదే తలుపు దగ్గర, ఇదిగో, ఈ మొగుడే గెంటాడు. దాన్ని మళ్లీ నేను చూడలేదు. అవునా కాదా, చెప్పమనండి."

ఆ పెయ్య మూడో బావి దాటకుండానే పడిపోయిందని ఊరందరికీ తెలుసు. ఆ తర్వాత తూమె చాలా రోజులు మొగుడితో సైగలతోనే కాపురం చేసిందనీ తెలుసు.

"అక్కా, నేను కాదనలేదుగా..." అంది దర్మి.

"నువ్వు కాదంటే ఎంత, అవునంటే ఎంత! తమ్ముడి ఇంటికో మాట, సొంత ఇంటికో మాట అయితే, రేపు ఈ కంచె ఎవడు లెక్కచేస్తాడు?"

దర్మికి ఏడుపు వచ్చింది గాని ఇంతమందిలో ఏడవడం ఇష్టం లేక కిందికి చూసింది. ఇదే సందు అనుకుని దాలాచ పట్టు విదిలించుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. తలతో పొట్టలో ఒక్క పోటు పొడిచి, పైబట్ట మడతల్లోకి మూతి దూర్చి, ముంత కోసం వెతకసాగాడు. దొరక్కపోయేసరికి బట్ట అంచే నోట్లో పెట్టుకుని చీకడం మొదలెట్టాడు.

"ఇంకా పాలు పోస్తున్నావా వీడికి?" అన్నాడు లీబాన్.

"ఉన్నప్పుడు పోస్తాను."

"లేనప్పుడు కూడా పోస్తుంది," అన్నాడు దర్మి మొగుడు హలకె. అంతదాకా అన్న ముందు నోరు విప్పలేదు. "మాకు లేనప్పుడు."

లీబాన్ కర్ర అందుకున్నాడు. దాని మీద గడ్డం ఆనించి చాలాసేపు గడ్డి వైపే చూశాడు. తొందరపడి తీర్పు చెప్పిన పెద్దను ఆ ఊళ్లో ఎవరూ మెచ్చరు.

"పళ్లు ఎందుకు చూస్తున్నాం మనం?" అన్నాడు చివరికి. "పాలు మానిందో లేదో పశువు నోరు విప్పి చెప్పదు గనక. మానకుండా ఉంటే అది దూడే. పోయినేడు తూమె పెయ్య అప్పటికే పాలు మాని చాలా కాలమైంది. ఆ సంగతి తూమెకీ తెలుసు. వీడు మానలేదు. అందరూ చూశారు. వెళ్లనీండి. కానీ అమ్మాయ్, దూడగా వెళ్తున్నాడు గనక దూడగానే ఉండాలి. రోజూ పొద్దుగూకేవేళ ఈ తలుపు దగ్గర వాడికి పాలు పట్టాలి. నీ దగ్గర పాలు లేని రోజున గాని, వాడు తాగనన్న రోజున గాని, వాడు కోడె. బయటికి రావాలి. వానలు వచ్చినా రాకపోయినా."

"తాగాడని ఎవరు చూస్తారు?" అంది తూమె.

"నువ్వే చూడు."

"చూస్తాను."

ఆ రోజునుంచి హలకెకు నల్ల టీ మొదలైంది. ఇంట్లో పాలిచ్చే ఆవులు రెండు. ఆ ఎండల్లో చేపి చేపి ఇచ్చేది గ్లాసు, గ్లాసున్నర. వాటి దూడల వాటా వాటికి వదిలి, దాలాచకు పోసి, మిగిలినది పిల్లలకు ఇస్తే ముంత అడుగున తడి తప్ప ఏమీ ఉండేది కాదు.

"ఈ ఇంట్లో పాలు తాగే మగాడు ఒక్కడే," అనేవాడు హలకె, టీలోకి చూస్తూ. "వాడికీ కొమ్ములున్నాయి."

"వాడు బతికితే దుబ్లుక్ సంతలో నీకు గర్వంగా ఉంటుందిలే."

"బతికితే! ఈ నల్లనీళ్లు తాగి నేను బతకాలి ముందు. నన్ను సంతకి తోలుకుపోతే ఎవడు కొంటాడు?"

వాడు ఏదో ఒకనాడు సంతకు పోవలసినవాడేనని దర్మికి తెలియక కాదు. కోడెల్ని పెంచేది అందుకే. విత్తులు కొట్టించి, మేపి, మూపురం నిండాక కొండల మీదుగా తోలుకెళ్లి అమ్ముతారు. ఆ ఊళ్లో ప్రతి ఇంటికీ అదే ఆధారం. కానీ నిండి పోవడం వేరు, ఎండి దారిలో పడిపోవడం వేరు. మొదటిదాని కోసమే ఆమె వాణ్ణి పెంచింది. రెండోది తలుచుకుంటేనే అన్నం దిగేది కాదు.

సాయంత్రాలు తూమె తప్పకుండా వచ్చేది. మొదట్లో కంచెకు అవతల నిలబడి, వాడి గొంతు కదలడం చూసి, మాట్లాడకుండా వెళ్లిపోయేది. కానీ కాలోలో అడుగుపెట్టిన ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంది. ఒట్టి చేతులతో బయటికి రాకూడదు. గడ్డి దుబ్బుల మధ్య మొలిచిన తుమ్మమొక్క ఒక్కటైనా వేళ్లతో పీక్కుని రావాలి. ఒక్క ఏడు వదిలేస్తే కంప గడ్డిని మింగేస్తుంది. దర్మి వంగి మొక్కలు పీకుతుంటే చూస్తూ నిలబడడం తూమె వల్ల కాలేదు.

"అలా లాగితే వేరు లోపలే తెగుతుంది. పిడికిలి కిందికి పెట్టు," అంటూ తనూ లోపలికి వచ్చింది.

అలా వచ్చి మరి వెళ్లలేదు. లీబాన్ కాలోను భాగాలు చేశాడు. గడ్డి పిడికిలి ఎత్తుకు దిగగానే దూడల్ని పక్క భాగంలోకి మార్పించేవాడు. అంతకన్నా కిందికి మేస్తే దుబ్బు చస్తుంది. ఆ ఎత్తు కొలవడం తోడికోడళ్ల పనైంది. పిడికిలి నేలమీద ఆనించి, "నా పిడికిలికి సరిపోయింది", "నీ పిడికిలి చిన్నది, నాది పెట్టి చూడు" అని వాదించుకునేవాళ్లు.

"మీ మరిది టీ తాగేటప్పుడు మొహం చూడాలక్కా," అంది దర్మి ఒకనాడు. "ఆముదం తాగుతున్నట్టు."

"మా ఆయనకీ అంతే. తమ్ముడు నల్ల టీ తాగుతుంటే నేను పాలతో ఎలా తాగను అని తనూ నల్లదే తాగుతున్నాడు. పాలు నా వాటాకొస్తున్నాయి. నేనేం బాధపడ్డం లేదు." తూమె అలా నవ్వడం దర్మి చూసి ఏడాది దాటింది.

గడ్డి తన పని తాను చేసింది. ఎముకలు లోపలికి పోయాయి. మెడ కింద గంగడోలు వేలాడడం మొదలైంది. వీపు మీద ఎప్పుడూ పడుకునే ఉన్న మూపురం లేచి నిలబడింది. వాడి బూడిద రంగు వెంట్రుకల్లో నునుపు వచ్చింది. ఒకసారి కంచె అవతలి ఆవును చూసి రంకె వేయబోయాడు. అది సగంలో దూడ అరుపుగా మారిపోతే, తూమె నవ్వలేక కింద కూర్చుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు తూమె పక్క ఊరికి వెళ్లవలసివచ్చింది. చెల్లెలికి కాన్పు. "రేపు సాయంత్రానికి వచ్చేస్తాను. తాగించు," అని చెప్పి వెళ్లింది.

ఆ సాయంత్రం దర్మి ముంత తెచ్చి తలుపు దగ్గర నిలబడి పిలిచింది. దాలాచ తల ఎత్తాడు. వచ్చాడు. ముంతలో మూతి పెట్టి, వాసన చూసి, ఒక్క బుస కొట్టాడు. పాలు ఆమె చేతి మీద చిందాయి. తల తిప్పుకుని గడ్డిలోకి వెళ్లిపోయాడు.

ఆమె వెనకాలే వెళ్లి వేలు ముంచి నోట్లో పెట్టింది. వాడు నాలుకతో వేలిని పక్కకు నెట్టి, దాని పక్కన ఉన్న గడ్డిపోచ అందుకున్నాడు. ఎంతసేపు తిప్పలు పడినా అంతే. కడుపు నిండిన పిల్లాడు అన్నం పెట్టే చేతిని తోసేసినట్టు తోశాడు.

దర్మి ఆ గడ్డిలోనే కూలబడింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఆకాశంలో మబ్బు తునక లేదు.

ఇంటికి వచ్చి చెప్తే హలకె ముంత లోపలికి చూశాడు.

"వేడి చేసి ఉంటుంది. రేపు తాగుతాడు."

"తాగడు."

"వదిన లేదుగా. ఎవరు చూశారు? వానలు ఇవాళో రేపో. రాకపోతే ఇంకో నెల నేను నల్లదే తాగుతాను. ఏం పోయింది? అలవాటైపోయింది." ఆ పాలు అతని ముందే ఉన్నాయి. ముట్టుకోలేదు.

దర్మికి ఆ మాట తియ్యగానే ఉంది. రాత్రంతా దాన్నే పట్టుకుని పడుకుంది. కానీ తెల్లవారేసరికి ఆమె కళ్లముందు ఉన్నది దాలాచ కాదు, తను ఎన్నడూ సరిగా చూడని తూమె పెయ్య.

మర్నాడు సాయంత్రం తూమె దారి దుమ్ము కాళ్లతోనే కాలోకు వచ్చింది. "ఆడపిల్ల. చెల్లెలు బాగుంది," అంటూనే, "నిన్న తాగాడా?" అంది.

"లేదక్కా."

తూమె ఆమె మొహంలోకి చూసింది.

"ఇవాళ?"

"తేలేదు. తెచ్చినా తాగడు. మానేశాడు. బావగారికి నేనే చెప్తాను. నీ చేత చెప్పించుకోవడం ఎందుకు?"

తూమె గడ్డిలోకి నడిచి దాలాచ దగ్గర ఆగింది. డొక్క మీద అరచెయ్యి ఆనించి నొక్కింది. నడుం మీద వేళ్లు గుచ్చి చూసింది. ఒక్కొక్క కాలూ ఎత్తి డెక్క చూసింది. చివరికి వాడి తుంటి మీద గట్టిగా ఒక్కటి చరిచింది. వాడు ఎగిరి, తోక ఎత్తి, కాలో ఆ చివరిదాకా పరుగెత్తి, అక్కడ ఆగి వెనక్కి తిరిగి చూశాడు. రొప్పు కూడా లేదు.

"నా పెయ్య పంపేనాటికి నిలబడితే కాళ్లు వణికేవి," అంది తూమె. "నాకు కనిపించింది. అయినా నోరు మూసుకున్నాను, పెద్దాయన పెళ్లాన్ని గదా అని. వీడు నడుస్తాడే. పంపు."

"నిజంగానా అక్కా?"

"నేనేం నిన్ను ఓదార్చడానికి రాలేదు. నడవలేకపోతే నేనే వద్దనేదాన్ని."

దూరపు మంద ఆ వారంలోనే ఊరి పక్కగా వచ్చింది. తలుపుగా పెట్టిన కంపను దర్మి తన చేత్తోనే పక్కకు లాగింది. దాలాచ బయటికి వచ్చి, ఇన్ని కోడెల్ని ఒక్కసారి చూసి, ఆమె పైబట్టలో మూతి పెట్టబోయాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. వాడు కాసేపు నిలబడ్డాడు. తర్వాత మందలోకి పోయి, తనకన్నా పెద్ద కోడెను భుజంతో నెట్టి చోటు చేసుకున్నాడు. అది తిరిగి నెట్టింది. వీడు మళ్లీ నెట్టాడు.

"పోట్లాడుతున్నాడు," అంది తూమె మెచ్చుకోలుగా.

లీబాన్ మంద మీదికి చెయ్యి చాపి దీవెన చెప్పాడు. కుర్రాళ్లు ఈల వేశారు. దుమ్ము లేచింది. ఇంటి దగ్గర టీ మరుగుతోంది, ఇవాళ పాలతోనే. హలకెకు ఆ సంగతి చెబుదామని దర్మి వెనక్కి తిరిగితే అతను అక్కడ లేడు. మంద వెనకాల, పంచె ఎగదోపుకుని, దుమ్ములో పరుగెడుతున్నాడు.

"ఒరేయ్! ఆ బూడిద రంగువాడికి బావి దగ్గర ఎడమవైపు నుంచి నీళ్లు పెట్టకండి, బెదురుతాడు! కుడివైపు నుంచి పెట్టండి! వినపడుతోందా? ముందు వాడికి పెట్టండ్రా!"