ఖాళీగా తిరిగి వెళ్లని గిన్నెలు

ఒథెలా పెట్టిఫోర్డ్ వంటింటి అలమారలో, పై అరలో ఐదు గిన్నెలున్నాయి. అవేవీ ఆమెవి కావు.

అమెరికాలో, అలబామాలోని ఆ ఊళ్లో, వెనక సీట్లలోనే కూర్చోవాలన్న నియమానికి ఎదురుతిరిగి నల్లవాళ్లు బస్సులెక్కడం మానేసిన ఏడాది, ఆ పోరాటాన్ని నడిపిన మహిళా సమితి ఆమె ఇంట్లోనే సమావేశమయ్యేది. చేతిలో మూతపెట్టిన గిన్నె ఉంటే, చావు జరిగిన ఇంటికి భోజనం పట్టుకెళ్తున్నారనుకుని పోలీసులు అడ్డగించేవారు కాదు. చర్చి విందుల్లో తారుమారు కాకుండా గిన్నె అడుగున పేరు రాసిన పట్టీ అంటించడం అక్కడి ఆడవాళ్ల అలవాటు. సమావేశానికి వచ్చేటప్పుడు మాత్రం ఆ పట్టీని పీకేసేవారు. గిన్నె దొరికినా పేరు దొరకకూడదు.

ఒక మధ్యాహ్నం షెరీఫ్ పోలీసులు వస్తున్నారని కబురందింది. అందరూ పెరటి దారిన వెళ్లిపోయారు. గిన్నెలు ఉండిపోయాయి. నాదని అడగడమంటే ఆ రోజు అక్కడ ఉన్నానని ఒప్పుకోవడమే కనుక ఎవరూ అడగలేదు. కొత్త పెళ్లికూతురైన ఒథెలా అప్పుడు కిటికీ దగ్గర కాపలా ఉంది. ఎవరు ఏది తెచ్చారో చూడలేదు. బస్సుల్లో నచ్చిన చోట కూర్చునే హక్కు వచ్చినా, పనిలోంచి తీసేస్తారన్న భయం పోలేదు. భయం పోయేనాటికి ఆ స్త్రీలే పోయారు.

ఇప్పుడు, ఇన్నేళ్లకు, వచ్చే ఆదివారం చర్చి ముందు సమితి పేరిట శిలాఫలకం వెలుస్తోంది. ఊరి మ్యూజియం చూసుకునే ఎల్బర్ట్ గిన్నెల కోసం వచ్చాడు.

"అద్దాల బీరువాలో పెడతాం, మిస్ ఒథెలా. వందేళ్లయినా చెక్కుచెదరవు."

"నేనూ చెక్కుచెదరలేదు కదయ్యా, నన్నూ పెడతావా?"

"మీరు కుదురుగా కూర్చోరుగా!"

ఆమె నవ్వింది. "ఒకరి గిన్నె మనింటికొస్తే ఖాళీగా పంపుతామా? మీ అమ్మ ఆ మాత్రం నేర్పలేదా? రేపు పైకెళ్లాక వాళ్లకి నా మొహం ఎలా చూపించను?"

"ఎవరివో మీకే తెలీదు కదండీ."

"అందుకే ఆదివారం దాకా ఆగమంటున్నా."

శనివారమంతా మనవరాలు రోషెల్‌తో కలిసి వండింది. ఆకుకూర, అలసందలు, చిలగడదుంపలు, మొక్కజొన్న రొట్టె, పీచ్ పళ్ల మీద పిండి పరిచి కాల్చే తీపి వంటకం కాబ్లర్.

"ఎవరూ గుర్తుపట్టకపోతే, అమ్మమ్మా?"

"తినేసి పోతారు. వంట వృథా కాదుగా."

ఫలకం ఆవిష్కరణ అయ్యాక చర్చి భోజనశాలలో ఆ గిన్నెలను మిగతావాటి మధ్యే పెట్టించింది. ఏ ప్రకటనా చేయనివ్వలేదు. వరుసలో వస్తున్న రిటైర్డ్ పోస్ట్‌మన్ క్లియోఫస్ అలసందల గిన్నె దగ్గర ఆగిపోయాడు.

"ఈ నీలం అంచు పెచ్చు ఊడగొట్టింది నేనే. మా అమ్మ నా చెవి మెలేసింది. ఇది ఇక్కడికెలా వచ్చింది?"

"మీ అమ్మే తెచ్చింది," అంది పక్కనే ఉన్న ఒథెలా. "మా సమావేశానికి."

"మా అమ్మా? ఈ గొడవలన్నీ మనకెందుకురా అనేదే!"

"ఎవరికీ అనుమానం రాకుండా అలా అనడం కూడా సమితి పనేలే. తీసుకెళ్లు నాయనా. గిన్నె తిరిగి పంపడం ఆలస్యమైందని ఆవిడ సమాధి దగ్గర నా మాటగా చెప్పు."

అతను కుర్చీలో కూర్చుని, గిన్నెను ఒళ్లో పెట్టుకుని, పెచ్చు ఊడిన చోటును వేలితో తడిమాడు. అది చూసి జనం తినడం మాని గిన్నెలు చూడసాగారు. సాయంత్రానికి మరో మూడు గిన్నెలు తమ తమ ఇళ్లకు చేరాయి. కాబ్లర్ ఉన్న గోధుమరంగు గిన్నె ఒక్కటే మిగిలింది.

"దీన్నైనా ఇస్తారా?" అన్నాడు ఎల్బర్ట్.

"పట్టుకెళ్లు. బీరువాకి తాళం మాత్రం వెయ్యకు. దాని మనుషులు ఇంకా రావచ్చు."

"సరే, కాబ్లర్ వేరే దాంట్లోకి తీసి ఇవ్వండి."

"ఖాళీగానా?" అంది ఒథెలా.

అతను తలవంచుకుని నిండు గిన్నెను రెండు చేతులా పట్టుకెళ్లాడు. తిని, కడిగి, బీరువాలో పెట్టేముందు అడుగున ఒక పట్టీ అంటించాడు. దాని మీద ఏ పేరూ రాయలేదు.